నూట పదమూడో దరఖాస్తు

మా వదిన పదిహేడేళ్ళ పాటు చేసిన పని ఇతరుల దరఖాస్తులు పక్కన పడెయ్యడం. ఆ తరువాత ఎనిమిది నెలలు చేసిన పని తన దరఖాస్తులు పంపడం. ఆ ఎనిమిది నెలల్లో నూట పన్నెండు పంపింది. ఈ లెక్క నేను వేసింది కాదు. ఆవిడే ఒక నోటుపుస్తకంలో తేదీ, కంపెనీ, జవాబు అని మూడు గళ్ళు గీసుకుని రాసుకునేది. మూడో గడిలో తొమ్మిది చోట్ల "లేదు" అని ఉండేది. మిగతాదంతా ఖాళీ.

నాకు టైలరింగ్ షాపుంది. అన్నయ్యా వదినా ఉండే ఇంటికి రెండు వీధుల అవతల. నన్ను ఇంతవరకూ ఎవరూ రెజ్యూమే అడగలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఒక ప్యాంటు ఇచ్చి పొడుగు తగ్గించమంటారు, అది బాగుంటే మళ్ళీ వస్తారు, బాగుండకపోతే తిట్టిపోసి పోతారు. అంతటితో సరి. అందుకే ఈ దరఖాస్తుల గోల చూస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. వదినకి మాత్రం ఏమీ ఎక్కేది కాదు. బెల్లం కొట్టిన రాయిలా కంప్యూటరు ముందు కూర్చునేది. నాకు అసలు బాధ అదే.

ముందు ఆవిడ పని సంగతి చెప్పాలి. పెళ్ళయిన ఐదో ఏడు మోటార్లు తయారుచేసే కంపెనీలో గుమాస్తాగా చేరింది. ఒక ఉద్యోగం ఉందని ప్రకటన వేస్తే ఐదారు వందల దరఖాస్తులు వచ్చి పడేవి. వాటిలో పాతిక తేల్చి ఆఫీసరు బల్ల మీద పెట్టడం వదిన పని. కుడి చేతి వైపు ఒక ట్రే, ఎడమ చేతి వైపు ఒక ట్రే. ఒక్కో దరఖాస్తుకి ఇరవై సెకన్లు. పుట్టిన తేదీ చూడాలి, ఇల్లు ఎంత దూరమో చూడాలి, పాత ఉద్యోగానికీ ఇప్పటికీ మధ్య ఆరు నెలలకి మించి ఖాళీ ఉందేమో చూడాలి. మూడింట్లో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఎడమ ట్రే.

కవరింగ్ లెటరు చదవడమన్నది లేనేలేదు. దరఖాస్తుకి పైనుండే మొదటి కాగితం అదే కదా, దాన్ని చప్పున పీకి కింద పడెయ్యడం ఆవిడకి ముందున్న పెద్ద గుమాస్తా నేర్పిన పద్ధతి. ట్రేలో జాగా మిగులుతుందట. ఆ కాగితాలకి వెనక వైపు తెల్లగా ఉంటుంది కాబట్టి పారేసేవాళ్ళు కాదు. కంపెనీలో టీలు ఎన్ని కావాలో రాసుకునేది వాటి మీదే. కట్టలు కట్టలుగా ఇంటికీ వచ్చేవి. వదిన కూతురు, అదే మా మేనకోడలు, చిన్నప్పుడు కూడికలూ తీసివేతలూ నేర్చుకున్నది వాటి మీదే. నేను కూడా పదేళ్ళు నడుము ఇంత, చేతుల పొడుగు ఇంత అని కొలతలు వాటి వెనకే రాసుకున్నాను. ముందు వైపు ఎవరెవరో "మీ సంస్థ అభివృద్ధిలో పాలుపంచుకోవాలని నా చిరకాల వాంఛ" అని రాసుకుని ఉండేవాళ్ళు. ఒక్కసారి కూడా తిప్పి చూడాలనిపించలేదు నాకు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పోయినేడు ఆ కంపెనీకి కంప్యూటరాయన ఒకడు వచ్చాడు. మూడు మధ్యాహ్నాలు వదిన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దేన్ని బట్టి ఎడమ వైపు వేస్తారండీ, దేన్ని బట్టి కుడి వైపు వేస్తారండీ అని అడిగి రాసుకున్నాడు. మంచివాడే పాపం, వదిన డబ్బాలో జంతికలు తెస్తే తిని బాగున్నాయన్నాడు కూడా. వదిన దాచుకోకుండా అంతా చెప్పింది. నాలుగో నెలకల్లా ఆ పని కంప్యూటరే చెయ్యసాగింది. ఐదో నెల వదినని పంపేశారు. వీడ్కోలుకి ఒక గోడగడియారం ఇచ్చారు. మా అన్నయ్యది గడియారాలు బాగుచేసే షాపు. దాన్ని వెనక్కి తిప్పి చూసి, "ఏడాది నడిస్తే గొప్ప," అన్నాడు. ఆ రోజు నవ్వాం అందరం. వదిన కూడా నవ్వింది. ఆవిడ నవ్వగా నేను చూసిన చివరిరోజు అదేననుకుంటాను.

పక్కింటావిడ ఒకరోజు నా షాపుకొచ్చి, ఇన్నేళ్ళు ఎంతమందినో కాదన్నది కదా, ఎవరి ఉసురో తగిలిందంది. నాకు ఒళ్ళు మండింది. "మీ జాకెట్టు చంకల్లో బిగుతైతే అదీ ఎవరి ఉసురేనా?" అన్నాను. ఆవిడ రెండు వారాలు షాపు మొహం చూడలేదు. అన్నానే గాని, అదే మాట వదిన తనలో తను ఎన్నిసార్లు అనుకుందో నాకు తెలియదు.

దరఖాస్తు పెట్టడమంటే ఎలా ఉంటుందో నేను ఆవిడ పక్కన కూర్చుని చూశాను. ముందు రెజ్యూమే పంపమంటారు. పంపగానే, అందులో ఉన్నదంతా మళ్ళీ గళ్ళల్లో నింపమంటారు. పుట్టిన సంవత్సరం దగ్గర ఈ ఏటి నుంచి మొదలై కిందికి దిగుతూ పోవాలి. వదిన వేలు దిగుతూనే ఉంటుంది, నలభై నాలుగేళ్ళు దిగాలి మరి. "మీలో ఉన్న లోపమేమిటి?" అని ఒక గడి. "ఐదేళ్ళ తరువాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని ఇంకోటి. అంతా నింపి నొక్కితే, పాస్‌వర్డులో ఒక అంకె ఉండాలంటూ మొదటికొస్తుంది. నాకైతే తల ప్రాణం తోకకొచ్చేది. వదిన కిక్కురుమనకుండా మళ్ళీ మొదలుపెట్టేది.

కవరింగ్ లెటరు దగ్గర మాత్రం ఆవిడ చేతులు ఆగిపోయేవి. మిగతావన్నీ అచ్చు గుద్దినట్టు నింపేది గాని ఆ ఒక్క కాగితం రాయలేకపోయేది. దాన్ని ఎవరూ చదవరని ఆవిడకి తెలిసినంతగా ఈ ప్రపంచంలో ఇంకెవరికి తెలుసు? మా మేనకోడలు సాయం చేసేది.

"నాకు సవాళ్ళంటే ఇష్టం అని రాయమ్మా."

"నాకు సవాళ్ళంటే ఇష్టమని నీతో ఎప్పుడన్నానే?"

"అనక్కర్లేదమ్మా. అందరూ రాస్తారు."

"అందరూ రాస్తారని నాకూ తెలుసు," అనేది వదిన. అని, రాసేది. ఆ గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. బస్సు ఎన్నింటికని ఎవరైనా అడిగితే చెప్పినట్టు చెప్పేది.

ఒకరోజు నేను ఉండబట్టలేక, "ఒకసారి గట్టిగా ఏడు వదినా. ఆ తొమ్మిది కంపెనీలనీ పేరుపేరునా తిట్టు. నేనూ తిడతా," అన్నాను.

"ఎందుకు బుజ్జీ? వాళ్ళ తప్పేముంది?" అంది. నాకు నలభై దాటినా ఆవిడకి నేను బుజ్జినే. "నా కాగితం నా చేతికే వచ్చి ఉంటే నేనూ పక్కన పెట్టేదాన్ని. వయసుంది, మధ్యలో ఖాళీ ఉంది. రెండు తప్పులు."

ఖాళీ అన్నది రోజురోజుకీ పెరిగేది కదా. ఆరు నెలలు దాటిన రోజు వదిన నోటుపుస్తకంలో ఆ తేదీ కింద ఒక గీత గీసింది. అన్నం పెట్టుకుని తినడం, బట్టలు ఆరెయ్యడం, కంప్యూటరు ముందు కూర్చోవడం అన్నీ ఒకే రకంగా జరిగిపోయేవి. నేను వండి తీసుకెళ్ళిన కూర ఎలా ఉందని అడిగితే బాగుందనేది. అందులో ఉప్పెయ్యడం మరిచిపోయానని నాకు తెలిసేది తరువాత నేను తిన్నప్పుడు.

ఇంట్లో అసలు చిక్కు మా మేనకోడలి చదువు. నర్సింగు రెండేళ్ళు పూర్తి చేసింది, ఇంకో రెండేళ్ళుంది. ఇప్పుడు జనం టైము ఫోనులో చూసుకుంటున్నారు కాబట్టి అన్నయ్య సంపాదన తిండికి సరిపోతే ఎక్కువ. వదిన జీతం మీదే నడిచేది ఆ చదువు. సెలవులిచ్చిన రోజు పిల్ల ఇంటికొచ్చి, సంచి కింద పెట్టి, కాళ్ళు కడుక్కోకుండానే చెప్పేసింది.

"సెలవులయ్యేలోగా అమ్మకి పని దొరికితే సరి. దొరక్కపోతే నేను మానేసి ఏదో ఒక ఉద్యోగంలో చేరతా. నాన్నా, నువ్వేం మాట్లాడకు. అత్తా, నువ్వసలు మాట్లాడకు."

అన్నయ్య చేతిలో ఉన్న గడియారం మీదికి వంగాడు. నేను మాట్లాడాను గాని ఎవరూ వినలేదు. వదిన మాత్రం లేచి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుని నూట పదో దరఖాస్తు మొదలుపెట్టింది. ఆ పిల్ల ఆ చదువు కోసం ఎంత కొట్టుకుందో మా అందరికీ తెలుసు. సూది చూస్తే కళ్ళు తిరిగి పడిపోయే పిల్ల, నా షాపులో దిండుకి సూదులు గుచ్చి గుచ్చి భయం పోగొట్టుకుంది.

సెలవులు ఇంకో రెండు వారాలున్నాయనగా మందులు హోల్‌సేల్‌గా అమ్మే ఒక కంపెనీ ప్రకటన వేసింది. ఆఫీసు అసిస్టెంటు కావాలి. కాగితాలు, ఫైళ్ళు చూసుకోవాలి. దరఖాస్తులు గురువారం సాయంత్రం లోపల, లేదా శుక్రవారం ఉదయం స్వయంగా తెచ్చి ఇవ్వవచ్చు. నచ్చినవాళ్ళని ఆ రోజే చూస్తారు. కింద చిన్న అక్షరాల్లో, వయసు ముప్పై అయిదు లోపు అని ఉంది. వదిన ఆ ప్రకటన అచ్చు తీసి కంప్యూటరు పక్కన పెట్టుకుంది, నూట పన్నెండోది దానికే పెట్టాలని. ఆ కాగితం ఇంట్లో అందరికీ కనబడేలానే ఉంది. వయసు మాట నేను ఎత్తితే, "చేత్తో ఇస్తే ఒక్కోసారి మనిషిని చూస్తారు," అంది. అలా చూడరని కూడా ఆవిడకే తెలుసు.

శుక్రవారం జరిగింది నాకు అదే మధ్యాహ్నం వదిన చెప్పింది. నా షాపులో కత్తిరించే బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, ఎక్కడా ఆగకుండా చెప్పింది.

ఆ ఆఫీసు గిడ్డంగి పైన మేడ మీద ఉంది. అంతా అట్టపెట్టెల వాసన. ముందు గదిలో కౌంటరు, దాని వెనక ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఒకతే ఉంది. ఆ అమ్మాయి ముందు రెండు వందల పైచిలుకు దరఖాస్తులు. వదిన తెచ్చింది కూడా వాటిలోనే కలిపింది. పదకొండింటికల్లా పదిమందిని తేల్చి లోపలికి పంపాలని మేనేజరమ్మ ఆర్డరు. ఫోను మోగుతూనే ఉంది. ఆ అమ్మాయి ఒక దరఖాస్తు తీసి, కవరింగ్ లెటరు మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా చదువుతోంది. చదివి, నిట్టూర్చి, మళ్ళీ అదే చదువుతోంది. వచ్చినవాళ్ళు ఎదురుగా కుర్చీల్లో కూర్చుని చూస్తున్నారు. పదింబావు దాటేసరికి ఆ అమ్మాయి తేల్చినవి ఆరు.

వదిన ఉండలేకపోయింది. లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళింది.

"అమ్మాయ్, మొదటి కాగితం చదవకు. రెండో దాంట్లో పుట్టిన తేదీ చూడు ముందు."

"ఏం చూసినా అవట్లేదాంటీ," అంది ఆ అమ్మాయి ఏడుపు గొంతుతో.

"కొంచెం జరుగు," అంది వదిన.

కుడి వైపు ఒక దొంతర, ఎడమ వైపు ఒక దొంతర. ఎనిమిది నెలలయినా చేతులు మరిచిపోలేదు. ఇరవై సెకన్లు కూడా పట్టలేదట చాలావాటికి. ఆ అమ్మాయి ఫోన్లు ఎత్తుతూ గుడ్లప్పగించి చూస్తోందట. ఎలా అనిపించింది వదినా అని అడిగాను. "ఏమనిపిస్తుంది? హాయిగా ఉంది," అంది. హాయి అన్న మాట ఆవిడ నోట వినడం నాకే వింతగా ఉంది.

సగం అయ్యాక తన దరఖాస్తే చేతికొచ్చింది. పుట్టిన తేదీ చూసింది. ఖాళీ చూసింది. చెయ్యి దాన్ని ఎడమ వైపు పెట్టేసి తరువాతది తీసుకుంది. పెట్టినట్టు కూడా తెలియలేదట. ఇంకో మూడు నాలుగు అయ్యాక గాని అది తనదేనని తట్టలేదు.

"తీసి కుడి వైపు పెట్టావా?" అన్నాను నేను.

"లేదు. ఎందుకు తీస్తాను? అది ఉండాల్సింది అక్కడే."

"నీ బుర్ర ఉండాల్సిన చోట ఉందా వదినా!" అని కత్తెర బల్ల మీద కొట్టాను. ఆవిడ ఆ చప్పుడుకి కూడా కదల్లేదు. మిగతాది చెప్పుకుపోయింది.

ఆ తరువాత ఇంకో పది పన్నెండు కాగితాలు తేల్చాక ఒక దరఖాస్తు వచ్చింది. మొదటి కాగితం పీకింది. రెండో కాగితం మీద ఫోటో ఉంది. మా పిల్లది. కాలేజీ గుర్తింపు కార్డుకి తీయించుకున్న ఫోటో, రెండు చెవులూ కనబడేది. గురువారం కాలేజీలో పనుందని చెప్పి వెళ్ళి, సాయంత్రం అక్కడ ఇచ్చి వచ్చిందన్నమాట. వయసు ఇరవై. ఇల్లు దగ్గరే. ఖాళీ లేదు. మూడింటికి మూడూ సరిపోయాయి. కుడి వైపు వెయ్యాలి.

వదిన వెయ్యలేదు. పీకి పక్కన పడేసిన మొదటి కాగితం వెతికి తీసుకుంది. ఈ పదిహేడేళ్ళలో ఆవిడ పూర్తిగా చదివిన మొదటి కవరింగ్ లెటరు అది.

అందులో ఏముందో నాకు ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పింది కూడా. నాలుగే వాక్యాలు. "మా అమ్మ పదిహేడేళ్ళు ఇదే పని చేసింది. దరఖాస్తులు, ఫైళ్ళు ఎలా సర్దాలో నేను ఇంట్లో అమ్మ దగ్గర చూసి నేర్చుకున్నాను. నర్సింగు రెండేళ్ళు చదివాను కాబట్టి మందుల పేర్లు తెలుసు. కుటుంబ కారణాల వల్ల చదువు ఆపేస్తున్నాను, వెంటనే చేరగలను."

వదిన ఆ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఎడమ దొంతరలోంచి తన దరఖాస్తు తీసి, కుడి దొంతర మీద పైన పెట్టింది. ఆ మార్చడం ఎవరూ గమనించలేదు. చూసినా తప్పని అనుకునేవాళ్ళు కాదు. కానీ మార్చింది ఎవరు? పదిహేడేళ్ళలో చుట్టాలవీ, స్నేహితులవీ ఎన్ని వచ్చినా ఒక్క కాగితం అటుదిటు మార్చని మనిషి. మా చిన్నమామయ్య కొడుకుది ఎడమ ట్రేలో వేసి, వాళ్ళు మాతో నాలుగేళ్ళు మాట్లాడకపోయినా ఊరుకున్న మనిషి.

పదకొండింటికి దొంతర లోపలికి వెళ్ళింది. అందరికన్నా ముందు వదిననే పిలిచారు. మేనేజరమ్మకి యాభై పైబడి ఉంటాయట. కళ్ళజోడు పైకి తోసుకుని కాగితం చూసి, వదినని చూసి, అడిగింది.

"ముప్పై అయిదు లోపు అన్నాం కదండీ. ఇది ఇందులోకి ఎలా వచ్చింది?"

"నేనే పెట్టానండీ," అంది వదిన. "ఇవన్నీ సర్దింది నేనే. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి, చూసుకోండి. ఇదొక్కటే తప్పు."

"తప్పని తెలిసి ఎందుకు పెట్టారు?"

వదిన చెప్పింది. ఈ పని తనకి రాకపోతే కూతురు చదువు మానేస్తుందని చెప్పింది. కూతురి దరఖాస్తు కూడా ఇందులో ఉంటే తీసేశానని చెప్పి, సంచిలోంచి అది కూడా తీసి బల్ల మీద పెట్టింది. దాచుకోవడం చేతకాని మనిషి. ఇంకొకరైతే ఏదో ఒకటి అల్లి బయటపడేవాళ్ళు. ఎందుకు ఇచ్చావు వదినా అని నేను నెత్తి కొట్టుకుంటే, "అడిగింది కదా బుజ్జీ," అంది.

మేనేజరమ్మ పిల్ల ఉత్తరం రెండుసార్లు చదివింది. చదివి, "బాగా రాసింది మీ అమ్మాయి. మందుల పేర్లు తెలిసినవాళ్ళు మాకు కావాలి. సోమవారం తొమ్మిదింటికి రమ్మనండి," అంది.

"తను చదువుకుంటోందండీ."

"ఆపేస్తున్నానని రాసింది కదండీ," అని వదిన దరఖాస్తు వదిన చేతికే ఇచ్చేసింది. సర్దిపెట్టినందుకు థాంక్స్ చెప్పింది. టీ తాగి వెళ్ళమంది.

"తాగావా?" అన్నాను.

"తాగాను. చక్కెర ఎక్కువైంది," అంది వదిన.

ఆవిడ పదిహేడేళ్ళ అనుభవం ఆవిడ కాగితం మీద ఉంటే ఎనిమిది నెలలు ఒక్కరూ తిరిగి చూడలేదు. అదే ఆవిడ కూతురి కాగితం మీద రెండు ముక్కల్లో ఉంటే ఒక్క పూటలో ఉద్యోగమిచ్చారు. కుట్టు మిషను మీద తల పెట్టుకుని ఏడవాలనిపించింది నాకు. ఏడ్చాను కూడా కాసేపు. వదిన లేచి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

సాయంత్రం నేనూ వాళ్ళింటికి వెళ్ళాను. వదిన దాపరికం లేకుండా పిల్లతో చెప్పేసింది. వాళ్ళు నిన్ను తీసుకున్నారు, సోమవారం రమ్మన్నారు అని. పిల్ల ఒక్క క్షణం బిత్తరపోయింది, తరువాత మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసే నాకు భయమేసింది. మొదటి ఉద్యోగం వచ్చిన పిల్ల మొహం అది. చదువు పోతోందన్న దిగులు ఆ క్షణాన అందులో లేదు.

"కానీ నువ్వు వెళ్ళవు," అంది వదిన. "నేను వెళ్తాను."

"నిన్నెవరు రమ్మన్నారమ్మా?"

"ఎవరూ రమ్మనలేదు."

"మరి? నన్ను తీసుకున్నారు, నేను వెళ్తా. నేను పెట్టింది ఒక్కటంటే ఒక్కటి, దానికే వచ్చింది. నువ్వు నూట పన్నెండు పెట్టావు! ఎవర్ని తీసుకోవాలో వాళ్ళకి తెలియదా?"

అనేశాక పిల్ల నోరు మూసుకుంది. అన్నయ్య ఒంటి కంటికి అద్దం తగిలించుకుని ఏదో గడియారంలోకి చూస్తున్నవాడు అద్దం తియ్యకుండానే తల ఎత్తాడు. ఆ మాట తగలాల్సిన చోట తగిలిందని నాకు తెలిసింది. ఎందుకంటే వదిన మెడ మీదా మొహం మీదా ఎర్రగా పొంగింది. ఎనిమిది నెలల్లో ఆవిడ ఒంట్లో నేను చూసిన మొదటి కదలిక అదే.

"తెలియదు," అని అరిచింది వదిన. గొంతు పగిలింది. "వాళ్ళకేం తెలియదు! ఇరవై సెకన్లలో ఏం తెలుస్తుందే? నాకు తెలిసిందా? నువ్వు కాలేజీకి వెళ్తావు. అంతే. ఇంకో మాట మాట్లాడావంటే ఊరుకోను."

పిల్ల ఏడుస్తూ, "నా ఉద్యోగం లాక్కుంటున్నావు!" అంది.

"అవును. లాక్కుంటున్నాను," అంది వదిన.

సోమవారం షాపు మూసి నేనూ వెంట వెళ్ళాను. ఆ మేనేజరమ్మ మాట తూలితే ఏమేం అనాలో దారి పొడుగునా మనసులో పేర్చుకున్నాను. వదిన తొమ్మిదికి పది నిమిషాల ముందే మెట్లెక్కింది. చేతిలో ఫైలు లేదు, కాగితం లేదు, సంచిలో అన్నం డబ్బా ఒక్కటే ఉంది. కౌంటరు అమ్మాయి మమ్మల్ని చూసి నవ్వింది. శుక్రవారం నాటి ఎడమ దొంతర ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర అట్టపెట్టెలో పడి ఉంది.

తొమ్మిదింటికి మేనేజరమ్మ వచ్చింది. వదినని చూసి ఆగింది.

"మీ అమ్మాయేదండీ?"

"రాదండీ. నేనొచ్చాను."

"నేను రమ్మన్నది మిమ్మల్ని కాదు కదా."

"కాదండీ." వదిన కుర్చీలోంచి లేచి నిలబడింది. రెండు చేతులూ కౌంటరు మీద పెట్టింది. "ఆ ఉత్తరంలో మీకు నచ్చినవి పదిహేడేళ్ళు. అవి మా అమ్మాయివి కావు, నావి. ఆ పదిహేడేళ్ళూ మీకు కావాలంటే నేను రావాల్సిందే. మందుల పేర్లు నేర్చుకుంటాను."

మేనేజరమ్మ తన సంచి కౌంటరు మీద పెట్టింది. నేను పేర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా నాకు గుర్తు రాలేదు. ఫోను మోగింది. కౌంటరు అమ్మాయి ఎత్తబోతే మేనేజరమ్మ వద్దని చెయ్యి చూపించింది. ఆ చేత్తోనే వదినకి ఫోను చూపించింది.

"ఎత్తండి," అంది.

వదిన ఎత్తింది.

మూడు నెలలు చూస్తామన్నారు. ఆ తరువాత సంగతి ఆ తరువాత. వదిన ఇప్పుడు ఆ ఇరవై రెండేళ్ళ అమ్మాయి కింద పని చేస్తుంది. మందుల పేర్లు చీటీల మీద రాసుకుని వంటింట్లో అంటించుకుంది. మా మేనకోడలు వాళ్ళమ్మతో పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండో రోజు కాలేజీ తెరిచారు, వెళ్ళింది.